పేర్ల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు

అమెరికాలోని క్యారీ ఊళ్లో తెలుగు క్రైస్తవులందరికీ ఒకే సంఘం ఉన్న రోజుల్లో దాని పేరు ఐక్య తెలుగు సహవాసం. అది రెండుగా చీలిన తర్వాత రెండింటి పేరూ ఐక్య తెలుగు సహవాసమే. అంత మంచి పేరు ఎవరు వదులుకుంటారు?

చీలిక సిద్ధాంతాల మీద అన్నారు మొదట. తర్వాత పెద్దల ఎన్నిక మీద అన్నారు. చివరికి తేలిందేమిటంటే, మైక్ సెట్ ఎవరింట్లో ఉండాలన్నదాని మీద. ఆ మైక్ సెట్ ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు. ఎవరో ఎవరికో ఇచ్చారు, వాళ్లు టెక్సస్ వెళ్లిపోయారు. రెండు సహవాసాలు మాత్రం ఇప్పటికీ ఒకే అమెరికన్ చర్చి వెనకాల ఉన్న ఫెలోషిప్ హాల్లో, ఒకే ఆదివారం, ఒకే వేళకు కూడుకుంటున్నాయి. మధ్యలో మడతలు పడి ముడుచుకునే ప్లాస్టిక్ తెర ఒకటి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా లాగి ఉంటుంది. ఇటు ప్రసంగం ఒక శ్రుతిలో సాగుతుంటే అటువాళ్లు పాట ఇంకో శ్రుతి పైన అందుకుంటారు. ఒకే రంగు మనుషులు, ఒకే భాష మనుషులు ఇలా రెండుగా ఎందుకు కూర్చుంటున్నారని హాలు అద్దెకిచ్చిన అమెరికన్ పాస్టర్‌గారు ఎన్నడూ అడగలేదు. అద్దె రెండు వైపుల నుంచి వస్తున్నప్పుడు అడగడం మర్యాద కాదు.

తెరకు ఇటు సహవాసానికి సెక్రటరీ దైవాశీర్వాదం. అటు సహవాసానికి సెక్రటరీ రాజీవ్. ఇద్దరూ తోడల్లుళ్లు. దైవాశీర్వాదం భార్య లూసీ, రాజీవ్ భార్య కృప, తెనాలిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన సువార్తమ్మ టీచర్‌గారి ఇద్దరు కూతుళ్లు.

సువార్తమ్మగారు ఆఖరి రోజులన్నీ ఇక్కడే, ఇద్దరి ఇళ్లలోనూ వంతులవారీగా గడిపింది. ఆదివారం మాత్రం ఆమెకు వంతుల్లేవు. ఇటు పాటలు పాడుకుని, ప్రసంగం మొదలయ్యేసరికి బాత్రూముకి వెళ్తున్నట్టు లేచి, రెండు వైపులా తలుపులున్న వంటగది గుండా అటు వెళ్లిపోయేది. అటువాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టే రకం కాబట్టి అక్కడ అప్పుడే పాటలు అందుకునేవారు. "రెండు చోట్లా పాటలే దొరుకుతున్నాయే, ప్రసంగం అంటకుండా. పరలోకం కూడా ఇంతే అయ్యుంటుంది" అనేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. సమాధి రోజున రెండు సహవాసాల కాపరులూ ప్రార్థన చేశారు. ఒకరికంటే ఒకరు తగ్గకూడదని పొడిగించుకుంటూ పోతే, మట్టి కప్పడానికి వచ్చిన అమెరికన్లు ట్రక్కులో కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు. తర్వాత భోజనాలు కూడా రెండు చోట్ల. లూసీ ఇంట్లో ఒకటి, కృప ఇంట్లో ఒకటి. చెల్లెలు వస్తుందని అక్క ఎదురుచూసింది, అక్క వస్తుందని చెల్లెలు ఎదురుచూసింది. ఇద్దరి ఫ్రిజ్‌లూ వారంపాటు బిరియానీతో కిక్కిరిసిపోయాయి. అప్పట్నుంచీ అక్కచెల్లెళ్ల మధ్య మాటలు లేవు, బైబిలు వాక్యాలే. గులాబీ పువ్వు బొమ్మ పక్కన క్షమాపణ గురించి ఒక వాక్యం లూసీ వాట్సాప్‌లో పంపేది. సూర్యోదయం బొమ్మ పక్కన వేషధారుల గురించి ఒక వాక్యం కృప పంపేది. దేవుడి మాటలే కాబట్టి ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

ఇప్పుడు మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. లూసీకి కావలసింది ఒక్కటే. ఆ పూట చెల్లెలి పక్కన కూర్చోవడం. పాటలు ఎవరు పాడినా, వాక్యం ఎవరు చెప్పినా, ఆఖరికి బిరియానీలో ఉప్పెక్కువైనా ఆమెకు అభ్యంతరం లేదు. ఇంత చిన్న కోరికకు ఇంతమంది మగవాళ్లు ఇన్నాళ్లు ఫోన్లో మాట్లాడుకోవలసి వస్తుందని మాత్రం ఆమె అనుకోలేదు.

శనివారం పొద్దున్నే దైవాశీర్వాదం ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. సంఘం విషయాలన్నీ ఆయన గరాజ్‌లోనే మాట్లాడతాడు. రహస్యం కోసం అంటాడు గానీ, ఆ గరాజ్ తలుపు లోంచి వినపడని మాటంటూ లేదు.

"అలా కాదు రాజీవ్‌గారూ" అంటున్నాడు. చీలిక ముందు 'తమ్ముడూ' అనేవాడు. 'గారు' తగిలించాడంటే కోపం ముదిరిందని అర్థం. "మీ సంఘం పేరు కూడా ఆహ్వానపు కార్డు మీద వేస్తే మేము మిమ్మల్ని గుర్తించినట్టే కదండీ. రేపు మా పిల్లలు అడిగితే ఏం చెప్పమంటారు?"

వంటింట్లో లూసీ ఉల్లిపాయలు తరుగుతోంది. బల్ల అవతల కూతురు షారన్ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. పదకొండో తరగతి. హిస్టరీ క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో నాయకుణ్ణి ఇచ్చారట.

"మమ్మీ, లిసెన్ చెయ్యి. ప్రాక్టీస్ చేస్తా. విలీ బ్రాంట్. వాడు జర్మనీ చాన్సలర్ ఉన్నాడు. సోషల్ డెమొక్రాట్."

"వాడు కాదే. ఆయన."

"ఆయన ఉన్నాడు."

"ఉన్నారు. సరే, కానీ."

లూసీకి బాగా తెలిసిన జర్మన్లు ఇద్దరే. ఒకాయన చర్చిని చీల్చాడు, ఒకడు ప్రపంచాన్ని చీల్చాడు. మొదటాయన పేరున్న చర్చిలోనే ఆమెకు బాప్తిస్మం ఇచ్చారు కాబట్టి ఆయన్ని ఏమీ అనదు. గుంటూరులో బి.ఏ. పొలిటికల్ సైన్స్ చదివినప్పుడు ఈ మూడో ఆయన పేరు కూడా ఎక్కడో తగిలే ఉంటుంది. ఆ డిగ్రీ గురించి ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగలేదు. ఆమె కూడా గుర్తుచేయలేదు.

"ఇది చూడు, మోస్ట్ ఫేమస్ పిక్చర్." షారన్ ల్యాప్‌టాప్ తిప్పింది. నల్ల కోటు వేసుకున్న ఒకాయన తడి రాళ్ల మీద మోకరించి ఉన్నాడు. వెనక బోలెడంతమంది కెమెరాలతో నిలబడ్డారు. "వార్సాలో. జ్యూస్‌ని, అదే యూదుల్ని, నాజీలు చంపేశారు కదా, వాళ్ల మెమోరియల్ దగ్గర."

"మనం ప్రతి ఆదివారం మోకరిస్తాం. అదీ టైల్స్ మీద. ఎవరన్నా ఒక్క ఫోటో తీశారా?"

"మమ్మీ! ఇట్స్ నాట్ ద సేమ్. ఆయన నాజీ కాదు. నాజీలకి అగైన్‌స్ట్. యంగ్‌గా ఉన్నప్పుడే నార్వే పారిపోయాడు. తప్పు చేసినవాళ్లు మోకరించలేదు. చెయ్యనివాడు మోకరించాడు. జర్మనీలో హాఫ్ పీపుల్‌కి అది నచ్చలేదు, టూ మచ్ అన్నారు."

"అంటారు" అంది లూసీ. ఉల్లిపాయ కళ్లలోకి కొట్టింది. "తర్వాత?"

"తర్వాతే ప్రాబ్లం. మా టీచర్ అంటుంది, లైఫ్ స్టోరీ చెప్తే సి గ్రేడ్. లెగసీ ఆర్గ్యూ చెయ్యాలి అని. ఏం మిగిల్చాడు? కొంతమంది ఆయన గ్రేట్ అంటారు. కొంతమంది, ఆయన ఈస్ట్ జర్మనీతో మాట్లాడి మాట్లాడి బెర్లిన్ గోడని ఓకే చేసేశాడు అంటారు. బిఫోర్ హిమ్ ఒక రూల్ ఉండేది. ఏ కంట్రీ అయినా ఈస్ట్ జర్మనీని రికగ్నైజ్ చేస్తే, వెస్ట్ జర్మనీ ఆ కంట్రీతో మాట్లాడదు."

లూసీ కత్తి ఆగింది. పోయిన వేసవిలో పక్కవీధి మీనావాళ్ల గృహప్రవేశం గుర్తొచ్చింది. మీనా పాపం హిందువుల పిల్ల, ఈ గొడవలేవీ తెలియక రాజీవ్‌వాళ్లనీ పిలిచింది. ఆ సంగతి తెలిసి దైవాశీర్వాదం కారు సగం దారిలో వెనక్కి తిప్పాడు. కట్టుకున్న పట్టుచీరతో లూసీ ఆ సాయంత్రం ఇంట్లో పప్పు తాలింపు వేసింది.

"ఆ రూలు మీ డాడీ ఎక్కడ చదివారో" అంది.

"వాట్?"

"ఏం లేదు. ఆ రూలు ఈయన తీసేశాడా?"

"తర్వాత తీసేశాడు. ఫస్ట్ ఆయన బెర్లిన్ మేయర్. గోడ కట్టింది అప్పుడే. ఫ్యామిలీస్ సడన్‌గా కట్. అమ్మ ఇటు, కూతురు అటు. రెండేళ్లు ఎవరూ ఎవర్నీ చూడలేదు. దెన్ క్రిస్మస్‌కి వీళ్లు ఒక డీల్ చేశారు. వెస్ట్ బెర్లిన్ వాళ్లు ఒక పాస్ తీసుకుని, అటువైపు రిలేటివ్స్ ఇంటికి వెళ్లి, మిడ్‌నైట్ లోపల వచ్చెయ్యాలి. లక్షలమంది వెళ్లారు. కానీ పేపర్ మీద సైన్ చెయ్యాలి కదా? ఈస్ట్ వాళ్లు చెప్పిన పేర్లు రాస్తే వాళ్లని రికగ్నైజ్ చేసినట్టు. రాయకపోతే వాళ్లు సైన్ చెయ్యరు."

"ఏం చేశారు మరి?"

"దిస్ ఈజ్ సో ఫన్నీ. ఆ పేపర్లోనే రాశారు. ప్లేస్‌ల పేర్లు, ఆఫీసుల పేర్లు, ఆఫీసర్ల టైటిల్స్, వీటి మీద రెండు సైడ్స్‌కీ అగ్రిమెంట్ కుదరలేదు అని. అది రాసి, కింద ఇద్దరూ సైన్ చేశారు."

"ఆ ముక్క మళ్లీ చదువు" అంది లూసీ.

షారన్ మళ్లీ చదివింది. లూసీ ఉల్లిపాయలు పక్కకు నెట్టి చేతులు కడుక్కుంది.

అప్పుడే గరాజ్ తలుపు తెరుచుకుంది. దైవాశీర్వాదం యుద్ధం గెలిచినవాడిలా కాదు, ఓడినవాడిలా కాదు, యుద్ధమే అలవాటైపోయినవాడిలా వచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"కుదరదు లూసీ. మన కూడిక మనం పెట్టుకుంటాం. వాళ్లది వాళ్లు పెట్టుకుంటారట. అదే శనివారం, అదే హాలు. తెరకి ఇటు మనం, అటు వాళ్లు."

"అమ్మ ఒక్కతే కదండీ."

"ఇది అత్తయ్యగారి విషయం కాదు. సూత్రం విషయం."

"సూత్రానికి భోజనాలు ఎవరు వండాలి?"

ఆయన సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. అలసిపోయి ఉన్నాడు. ఆమె కూడా అలసిపోయే ఉంది, కానీ అలసట ఆయనకి సోఫా మీద వస్తుంది, ఆమెకి పొయ్యి దగ్గర వస్తుంది. పొయ్యి దగ్గర కూలబడడానికి చోటుండదు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా లూసీ బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో ఒక కార్డు తయారుచేసింది. పైన అమ్మ ఫోటో. బ్లాక్‌బోర్డు ముందు తీసినది, చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది. కింద తెనాలి సువార్తమ్మ టీచర్‌గారి మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడిక, శనివారం ఉదయం, ఫెలోషిప్ హాలు. ఆ కింద, కార్డుల మీద 'భోజనములు కలవు' అని వేసే చోట, ఇలా రాసింది: 'కూడికను నడిపించు సంఘము పేరు, కాపరుల పేర్ల వరుస, పెద్దల పదవుల విషయమై ఉభయులకును ఏకాభిప్రాయము కుదరలేదు. అందరును ఆహ్వానితులే.'

కొంచెం గ్రాంథికంగా రాస్తే మగవాళ్లకు గౌరవంగా అనిపిస్తుందని ఆమె అనుభవం.

దాన్ని కృపకి పంపింది. గులాబీ లేదు, సూర్యోదయం లేదు. మిగిలిన ఉల్లిపాయలు తరిగేసింది. అప్పుడు వచ్చింది జవాబు.

'ఎవరు రాశారిది? బావగారా?'

'జర్మనీవాళ్లు.'

'జర్మనీలో మనకెవరున్నారక్కా?'

అక్కా అన్న ఆ రెండక్షరాల దగ్గర లూసీ ఒక నిమిషం ఆగింది. చీర కొంగుతో ఫోన్ అద్దం తుడిచి, మళ్లీ చదువుకుంది.

'ఒకాయన ఉండేవాడు, పోయాడు' అని రాసింది. 'నువ్వు రాజీవ్‌కి ఇది చూపించు. మీ బావగారే దిగొచ్చి రాశారని చెప్పు. నేను ఈయనకి రాజీవ్ దిగొచ్చాడని చెప్తా.'

'అబద్ధం కదా?'

'ఇద్దరూ ఏదో ఒకరోజు దిగుతారు. మనం కొంచెం ముందు చెప్తున్నాం.'

సాయంత్రం కాఫీతో పాటు ఆ కార్డు దైవాశీర్వాదం చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"చూశావా? వాళ్ల పేరు వాళ్లే వదులుకున్నారు. నేను చెప్తూనే ఉన్నా, రాజీవ్‌కి పట్టుదల తక్కువని."

"మన పేరూ లేదుగా?"

"మన పేరు వేయకపోయినా మనమని అందరికీ తెలుసు. పంపించు, నేను ఒప్పుకున్నానని చెప్పు. కానీ మరీ తొందరగా చెప్పకు."

అటువైపు నుంచి కృప మెసేజ్ పెట్టింది. 'ఈయన కూడా అదే అన్నాడు. బావగారికి పట్టుదల తక్కువని. వీళ్లిద్దరూ ఒకే చోట చదువుకున్నారా ఏంటి?'

మరుసటి ఆదివారం ప్రకటనల వేళ వచ్చింది. ఇటు సహవాసంలో ప్రకటనలు చదివేది ఏసురత్నంగారు. పెద్దవయసు. చేతికి ఏ కాగితం ఇచ్చినా ఒక్క అక్షరం వదలకుండా వాక్యం చదివినట్టే చదువుతాడు. పార్కింగ్‌లో లైట్లు ఆర్పని కారు నంబరు కూడా ఆయన నోట్లో ప్రవచనంలా ఉంటుంది. లూసీ వంటగదిలో టీ కాస్తోంది. కార్డులోని ఆ ఆఖరి మాటలు చదవకండి అని ఆయనకి ఎవరూ చెప్పలేదన్న సంగతి, ఆయన గొంతు సవరించుకున్నాక గానీ ఆమెకు తట్టలేదు.

"...పెద్దల పదవుల విషయమై," ఏసురత్నంగారు తల పైకెత్తి ఒక్క క్షణం ఆగి, ఇంకొంచెం కంఠం పెంచాడు, "ఉభయులకును ఏకాభిప్రాయము కుదరలేదు!"

"ఆమేన్" అంది సంఘమంతా.

అలవాటు. ఆయన ఆగినచోట అనడమే వాళ్లకి తెలుసు. వెనక వరసలో ఎవరో ఒకామె చేతులు కూడా ఎత్తింది. లూసీ స్టవ్ కట్టేసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో రెండో తలుపు అవతల నుంచి, తెర ఆ పక్క నుంచి, ఇంకో గొంతు అదే కార్డు చదవడం వినిపించింది. వాళ్లు ఎప్పుడూ ఆలస్యమే. 'ఏకాభిప్రాయము కుదరలేదు' దగ్గర వాళ్లూ ఆగారు. వాళ్ల ఆమేన్ ఇంకొంచెం గట్టిగా వచ్చింది. చీలిపోయిన తర్వాత రెండు సంఘాలూ ఒకే మాటకి ఆమేన్ అనడం అదే మొదలు.

కూడిక శనివారం రానే వచ్చింది. తెర తీశారు. తీసి, గోడ దగ్గరకి నెట్టి, అది మళ్లీ దానంతటదే జరిగి రాకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టారు. జనం బాగా వచ్చారు. మాట్లాడుకోవడం మానేసినవాళ్లు ఒకరినొకరు చూసి "వందనాలండీ" అనుకుని, పిల్లలు ఎంత పొడుగయ్యారో అని ఆశ్చర్యపడి, ఎవరి వైపు వాళ్లు కూర్చున్నారు. ఎవరూ కూర్చోమనలేదు. తెర ఉండే చోట ఒక నడవ దానంతటదే ఏర్పడింది.

లూసీకి ముందు వరసలో కుర్చీ వేశారు, దైవాశీర్వాదం పక్కన, నడవకి ఇటు. కృపకి నడవకి అటు, రాజీవ్ పక్కన. మధ్యలో చెయ్యి చాపితే అందనంత దూరం. బల్ల మీద అమ్మ ఫోటో సరిగ్గా నడవ నడుమన పెట్టారు. దాన్ని అంగుళం కూడా అటూ ఇటూ జరపకుండా పెట్టడానికి ఇద్దరు సెక్రటరీలూ చాలాసేపు కష్టపడ్డారని ఫోటో నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. లూసీ దాన్ని చూస్తూ కూర్చుంది. ఇంత చేసి సంపాదించింది ఒక నడవ. పోనీ, తెరకంటే నడవ మెరుగు, మొహమైనా కనిపిస్తుంది అనుకోబోయింది గానీ, సరిపెట్టుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. కృప మొహం పీక్కుపోయి ఉంది. ఆమె మందుల కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ల టీమ్‌లో సగంమందిని తీసేశారని మీనా చెప్పింది. చెల్లెలి ఉద్యోగం సంగతి మీనా ద్వారా తెలియవలసి వచ్చింది.

ఇటు కాపరిగారు వాక్యం చెప్పడం ముగించారు. అటు కాపరిగారు లేచి, సమయం ఎక్కువ తీసుకోనని మాట ఇచ్చారు. ఆ మాటతో హాలంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చుంది. లూసీ లేచి, భోజనాల సంగతి చూడాలన్నట్టు వంటగదిలోకి వెళ్లింది. ట్రేల కింద చిన్న మంటలు వెలిగించి ఉన్నాయి. బిరియానీ వేడిగానే ఉంది. చూడవలసిందేమీ లేదు. సింకు అంచు పట్టుకుని నిలబడింది.

అటు తలుపు తోసుకుని కృప వచ్చింది.

"ఏమన్నా కావాలా?" అంది లూసీ, పరాయివాళ్లని అడిగినట్టు. ఆ మాట అలా ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

"నీళ్లు" అంది కృప. గ్లాసు తీసుకుంది. తాగలేదు. "అమ్మ గురించి సాక్ష్యం ముందు ఎవరు చెప్పాలని మళ్లీ మొదలెట్టారక్కా. పెద్దకూతురు కాబట్టి నువ్వు ముందని బావగారు. అమ్మ పోయింది మా ఇంట్లో కాబట్టి నేను ముందని ఈయన. కుర్చీల్లో కూర్చునే, సైగలతో."

"నువ్వేం చెప్దామనుకున్నావు?"

"ఏమో. చెప్పేటప్పటికి గుర్తొస్తుందిలే అనుకున్నా. నువ్వు?"

"నేనూ అంతే."

హాల్లో కాపరిగారు మొదటి అంశం ముగించి రెండో అంశానికి వచ్చారు. మొత్తం మూడు ఉంటాయని అందరికీ తెలుసు.

"కారు తాళాలు నీ దగ్గరున్నాయా?" అంది కృప.

పార్కింగ్‌లోకి తెరుచుకునే తలుపు దగ్గర షారన్ ఎదురైంది.

"మమ్మీ? పిన్నీ? ఎక్కడికి?"

"పెరుగు తక్కువైంది."

"ఫ్రిజ్‌లో ఫోర్ బకెట్స్ ఉన్నాయి."

"తక్కువైందన్నానా? మీ డాడీ అడిగితే అదే చెప్పు."

షారన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తలుపు పట్టుకుని, వాళ్లు బయటికి వెళ్లేదాకా అలాగే నిలబడింది.

లూసీ కారుని పెద్దరోడ్డు ఎక్కించింది. చలికాలం ఎండ. రోడ్డుకి రెండు వైపులా పైన్ చెట్లు.

"ఎవరక్కా ఆ జర్మనీ ఆయన?" అంది కృప.

"షారన్ పాఠంలో ఆయన. గోడ కట్టాక, పండగ పూట అటువైపు చుట్టాలింటికి వెళ్లి రావడానికి చీటీలు ఇప్పించాడు."

"గోడ పడగొట్టాడా?"

"లేదు. ఆ చీటీల తర్వాత కూడా పాతికేళ్లకు పైగా అలాగే ఉంది. తర్వాత పెద్దపెద్ద ఒప్పందాలు చేశాడు, నోబెల్ కూడా ఇచ్చారు. చివరికి తన ఆఫీసులోనే ఒకడు అటువాళ్ల గూఢచారి అని తేలి, పదవి వదిలేశాడు."

"ఇంట్లోవాళ్లే అన్నమాట."

"ఎప్పుడూ అంతేగా." లూసీ సిగ్నల్ దగ్గర ఆగింది. "షారన్‌ని వాళ్ల టీచర్ అడిగిందట, ఆయన మిగిల్చిందేమిటని."

కృప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ఆ చీటీ పట్టుకుని వెళ్లినవాళ్లని అడగమను" అంది. "వెళ్లి ఏం చేసుంటారు? తినుంటారు. పిల్లలు పొడుగయ్యారనుకుని ఉంటారు. టైమైపోతోందని గడియారం చూసుకునుంటారు."

సమాధుల తోటలో ఎవరూ లేరు. రాళ్లన్నీ నేలకి సమంగా, గడ్డి కోసే యంత్రానికి అడ్డం రాకుండా పరిచి ఉంటాయి. అమ్మ రాయి దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. రాయి మీద ఏమీ లేదు, రెండు ఎండుటాకులు తప్ప. కృప వంగి వాటిని తీసేసింది.

"ఇక్కడివాళ్లు మరీ నిర్దయులక్కా" అంది. "నేను పెట్టిన పూలు వారం కూడా ఉంచరు. ఎప్పుడొచ్చినా ఉండవు."

లూసీ ఖాళీ రాయి వైపు చూసింది. "పసుపుపచ్చవా?" అంది.

"ఆఁ."

"ప్లాస్టిక్ కవరుతో సహా పెట్టేది నువ్వా?"

"కవరు తీస్తే విడిపోతాయిగా."

"ఎవరో అమెరికన్లు పక్క సమాధికి తెచ్చి, పొరపాటున మన దగ్గర పెట్టారనుకున్నా. మనవాళ్లెవరన్నా కవరుతో పెడతారా? నేనే తీసి పారేస్తున్నా, ప్రతి శుక్రవారం."

కృప అక్క వైపు తిరిగింది. "మరి తెల్ల చామంతులు?"

"నావి. నిన్నటివి మాత్రం ఇక్కడ పెట్టలేదు, హాల్లో అమ్మ ఫోటోకని ఉంచా."

"అవి ఎప్పుడూ వాడిపోయే ఉంటాయి."

"శుక్రవారం పెట్టినవి మంగళవారానికి వాడిపోవా?"

"నేను పారేశాను" అంది కృప. "మంగళవారం మంగళవారం."

ఏడాదిగా, వారం తప్పకుండా, ఇద్దరూ వచ్చి ఒకరి పూలు ఒకరు ఏరి పారేశారు. కృపకి మొదట నవ్వొచ్చింది. నవ్వు సగంలో మారిపోయింది. గడ్డి మీద కూర్చోబోయి, తడిగా ఉందని ఆగి, నిలబడే ఏడ్చింది. లూసీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఓదార్చే మాటల కోసం వెతికింది. వచ్చినవన్నీ ఇదివరకే వాట్సాప్‌లో పంపేసినవి.

కారులోకి వచ్చాక హీటర్ వేసింది. కృప సీటు వెనక్కి వాల్చుకుంది.

"మా టీమ్‌లో ఇంకొందరిని తీసేస్తారక్కా వచ్చేనెల. నాకు నిద్ర పట్టట్లేదు. ఆయనకి ఇంకా చెప్పలేదు."

"ఎందుకని?"

"ఆయనకి కూడిక కార్డు గొడవే సరిపోయిందిగా."

"మంగళవారం ఇంటికి రా" అంది లూసీ. "ఈయన ఆఫీసులో ఉంటారు."

"ఏమని చెప్పి రాను?"

"ఏమీ చెప్పకు. పూలు కొనడానికి వెళ్లినట్టే బయల్దేరు. అన్నం తిని వెళ్దువుగాని."

లూసీ పక్కకి తిరిగింది. చూస్తే కృప నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు తెనాలి బస్సులో అక్క భుజం మీద పడి నిద్రపోయినట్టే. లూసీ ఫోన్ మోగింది. దైవాశీర్వాదం. గొంతు తగ్గించి ఎత్తింది.

"ఎక్కడున్నావు? ముగింపు ప్రార్థనకి ముందు గ్రూప్ ఫోటోకని అందరూ నిలబడి ఉన్నారు. మీ చెల్లెలు కూడా కనపడట్లేదని రాజీవ్‌గారు నన్నడుగుతున్నాడు, నాకేం తెలుసు?"

"వస్తాం. మీరు తీసుకోండి ఫోటో."

"మధ్యలో ఎవరు నిలబడాలో తేలట్లేదు లూసీ" అన్నాడాయన. ఆ గొంతులో మొదటిసారి కోపం లేదు, నీరసమే ఉంది. "నువ్వుంటే..."

"అమ్మ ఫోటో పట్టుకుని ఏసురత్నంగారిని నిలబెట్టండి. ప్రార్థన అవగానే భోజనాలు మొదలెట్టించండి, చల్లారిపోతాయి."

ఫోన్ పెట్టేసింది. ఆ చప్పుడుకి కృప కదిలింది. కళ్లు తెరవకుండానే, "వెళ్దామా అక్కా?" అంది.

"ఇంకా ముగింపు ప్రార్థన ఉంది. ఇద్దరు కాపరులూ చెయ్యాలి" అంది లూసీ. "పడుకో."